తాళం బొమ్మ చెప్పిన మాట

కార్తీకమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే మా పెదనాన్నగారి పెద్దబ్బాయి మా ఇంటికి వచ్చాడు. ముదిగుబ్బ దాపులోని పల్లె నుంచి తొలి బస్సు పట్టుకుని అనంతపురం వచ్చాడంటే ఏదో గట్టి పనే అయి ఉండాలి. వేరుసెనగ అమ్మిన డబ్బుతో కూతురి పెండ్లికి బంగారం చూడడానికి వచ్చాడు కాబోలు అనుకుని మా ఆవిడ కాఫీ కలపబోయింది. ఆయన కూర్చోలేదు. జేబులోంచి ఫోను తీసి నా చేతిలో పెట్టి, నిలబడే, "నలభై ఒక వెయ్యి అయిదు నూర్లు పాయరా!" అన్నాడు.

జరిగింది చాలా చిన్న కథ. పంటల బీమా సొమ్ము మంజూరైందని ముందు రోజు రాత్రి ఫోనుకు ఒక కబురు వచ్చింది. కింద నీలిరంగులో నొక్కవలసిన చోటు. నొక్కితే ప్రభుత్వపు ముద్రతో, నాగలి పట్టిన రైతు బొమ్మతో ఒక పేజీ తెరుచుకుంది. బ్యాంకు ఖాతా అడిగింది, కార్డు అంకెలు అడిగింది, చివరికి ఫోనుకు వచ్చిన ఆరంకెలు అడిగింది. అన్నీ ఇచ్చాడు. తెల్లవారేసరికి ఖాతాలో మూడు వందల చిల్లర మిగిలింది.

"నేనేమన్నా గుడ్డిగా నొక్కినానా? పైన తాళం బొమ్మ ఉండాదా ల్యాదా అని సూసుకునే నొక్కినా. తాళముంటే బయం ల్యాదని సెప్పిండేది నువ్వే గదా!" అన్నాడు.

నిజమే. నేనే చెప్పాను. ఆయన చేతికి ఆ ఫోను వచ్చిన కొత్తలో ఉగాదికి పల్లెకు వెళ్లి, చదువుకున్న తమ్ముడి హోదాలో, అరుగు మీద కూర్చుని పాఠం చెప్పాను. నేను పాఠాలు చెప్పేది తెలుగులో. కంప్యూటర్లలో నా పాండిత్యం ఎవరో అనగా విన్నదే. విన్నదాన్ని తెలిసినదిగా చెప్పడం ఉపాధ్యాయులకు వృత్తిరోగం లెండి.

ఆ రోజు నుంచి, మా కాలేజీలో కంప్యూటరు పాఠాలు చెప్పే మిత్రుణ్ణి పట్టుకుని, సాయంత్రాలు వేపచెట్టు కింద బల్ల మీద కూర్చోబెట్టి, ఆ తాళం అసలేం చెబుతుందో అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తాళం సంగతి తెలియాలంటే దాని కింద ఉన్న అంతస్తులన్నీ తెలియాలన్నాడు. వాటన్నిటికీ కలిపి ప్రోటోకాల్స్ అని పేరు.

ప్రోటోకాల్ అన్న మాట మనకు కొత్తది కాదు. మంత్రిగారు వస్తే ముందు దండ ఎవరు వేయాలి, ఏ కుర్చీ ఎవరిది, శిలాఫలకం మీద తన పేరు లేదని ఎవరు అలిగి వెళ్లిపోయారు, ఇదంతా ప్రోటోకాల్ గొడవే. గ్రీకులో దీని మూలార్థం మొదట అతికించిన ఆకు అని. పపైరస్ చుట్టకు మొదట అంటించే పత్రం అన్నమాట. అక్కడి నుంచి రాయబారుల మర్యాదలకూ, ఆపైన యంత్రాల మర్యాదలకూ ఆ పేరు వచ్చి చేరింది. ఒక యంత్రం ముదిగుబ్బలో, మరొకటి ముంబయిలో. రెంటినీ చేసినవారు వేరు, లోపలి భాష వేరు. ముందు ఎవరు పలకాలి, పలికిన మాట దారిలో పోతే ఏం చేయాలి అన్నది ముందే ఒప్పుకుని ఉండకపోతే వాటికి సంభాషణ లేదు.

అలాంటి ఒప్పందం ఒకటి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, పేరే తెలియదు. ధర్మవరం–పాకాల మీటరు గేజి లైను రోజుల్లో, స్టేషను ప్లాటుఫారం చివర ఒక మనిషి పెద్ద కడియం లాంటిది చేతబట్టుకుని నిలబడేవాడు. కడియానికి ఒక తోలుసంచి, సంచిలో ఒక ఇనుపగుండు. రైలు కదులుతూ ఉండగానే డ్రైవరు వంగి ఆ కడియంలోకి చెయ్యి దూర్చి అందుకునేవాడు. ఆ గుండు చేతిలో లేనిదే ఒంటి పట్టాల మీద తరువాతి స్టేషనుకు బండి పోరాదు. రెండు స్టేషన్లలోనూ రెండు పెట్టెలు, వాటి మధ్య తీగె. అవతలి స్టేషను ఒప్పుకుంటేనే ఇవతల పెట్టె గుండును విడుస్తుంది. ఒక గుండు బయట ఉన్నంతవరకు ఏ పెట్టె నుంచీ ఇంకొకటి రాదు. రెండు బళ్లు ఎదురెదురుగా రాకుండా కాపాడింది డ్రైవరు మంచితనం కాదు, ఆ గుండు.

ఇదే పద్ధతిని కంప్యూటర్లకూ పెట్టారు. 1985లో ఐ.బి.ఎం. సంస్థ అమ్మకానికి తెచ్చిన ‘టోకెన్ రింగ్’ వలలో, టోకెన్ ఎవరి వంతుకు వస్తే వారే మాట్లాడాలి. కాని చివరికి లోకంలో నిలిచింది దాని పోటీదారు ఈథర్‌నెట్. రాబర్ట్ మెట్‌కాఫ్ 1973లో ఊహించినది. దాని తొలిరూపం మన రచ్చబండ వాలకం. ఎవరూ మాట్లాడటం లేదని చూసి మాట్లాడు. ఇద్దరు ఒకేసారి నోరు తెరిస్తే ఇద్దరూ ఆపండి, తలా కాసేపు ఆగి మళ్లీ మొదలెట్టండి. ఆ ‘కాసేపు’ ఇద్దరికీ ఒకటే కాకూడదు. అందుకు యంత్రం పాచికలు వేసుకుంటుంది. ఇంట్లో వైఫై పెట్టె కూడా ఈనాటికీ ముందు విని తర్వాతనే పలుకుతుంది.

మా అన్న పల్లెకు తీగె కరెంటు స్తంభాల మీదుగా వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ ప్రారంభించారు. భూమి తవ్వకుండా, ఉన్న స్తంభాలకే గాజుతీగె కట్టడం అందులోని యుక్తి. మా అన్న ఇంట్లోనూ ఆ పెట్టె ఉంది. శనివారం రాత్రి ఆయన నొక్కిన ఆ ఒక్క నొక్కు వెనుక ఏయే మర్యాదలు జరిగి ఉంటాయో మిత్రుడు వరుసగా చెప్పాడు.

ఆయన పొలం నుంచి ఇంటికి రాగానే ఫోను ఆ పెట్టెను చిరునామా అడిగి ఉంటుంది. సత్రంలో గుమాస్తా గది తాళంచెవి ఇచ్చినట్టు పెట్టె ఒక అంకెల చిరునామా ఇస్తుంది. అదీ గడువుతోనే, గడువు దాటితే మళ్లీ అడగాలి, లేదా గది ఇంకొకరికి. ఈ గుమాస్తాగిరీకి డి.హెచ్.సి.పి. అని పేరు. మనం "నెట్ రావడంలేదు" అని పెట్టెను ఒకసారి ఆపి వేస్తామే, చాలాసార్లు అప్పుడు జరిగేది గది మళ్లీ రాయించుకోవడమే.

తరువాత పేరును అంకెలుగా మార్చుకోవాలి. యంత్రాలకు పేర్లు తెలియవు, అంకెలే తెలుసు. తొలిరోజుల్లో అమెరికాలో ఉన్న కాసిని కంప్యూటర్లకు ఒకే చిట్టా, స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ దగ్గర, ఊరికి ఒక్క కరణం ఉన్నట్టు. యంత్రాలు పెరిగి కరణంగారికి ఊపిరాడకపోవడంతో 1983లో పాల్ మొకపెట్రిస్ అనే ఆయన డి.ఎన్.ఎస్. అనే ఏర్పాటు చేశాడు. ఇందులో ఎవరికీ అన్నీ తెలియవు. అన్నిటికంటే పైనున్నవారికి ‘ఇన్’ అనే భారతదేశపు చిట్టా ఎక్కడుందో మాత్రం తెలుసు. వారికి ఆ లోపలి చిట్టా తెలుసు. అలా ఒక్కొక్క మెట్టే దిగాలి. కాబట్టి పేరును కుడి నుంచి ఎడమకు చదవాలి. ఈ ముక్క గుర్తుంచుకోండి, మా అన్న మునిగింది ఇక్కడే.

(తెలుగులోనూ పేర్లు పెట్టుకోవచ్చు. చుక్క పెట్టి ‘భారత్’ అని తెలుగు లిపిలోనే రాసే చివరిపేరు మనకు 2011లో దక్కింది. అయితే ఆ పాత ఏర్పాటు లోపల ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరొకటి మింగుడుపడదు. అందుచేత మన తెలుగు పేరు ‘ఎక్స్, ఎన్, రెండు అడ్డగీతలు’ అని మొదలయ్యే మారువేషం వేసుకుని వెళ్లి వస్తుంది. భాషాభిమానులు ఏమనుకుంటారో గాని, నాకు కొంచెం బాధే వేసింది.)

చిరునామా దొరికింది. ఇక మోసేవాడు ఐ.పి. చెప్పవలసినదాన్ని ముక్కలు చేసి, ప్రతి ముక్క మీద పంపినవారి అంకె, అందుకొనేవారి అంకె వేసి దారిన పెట్టడం దీని పని. ఒక్కొక్క ముక్క మామూలుగా 1500 బైట్లకు మించదు. ‘అమ్మ’ అనే రెండక్షరాల మాట దానికి 12 బైట్లు; అకారం, మకారం, పొల్లు, మళ్లీ మకారం, ఒక్కొక్కదానికి మూడేసి. ఆ లెక్కన ఒక ముక్కలో ఐదువందలకు కాస్త తక్కువగా తెలుగు గుర్తులు పడతాయి. అయితే ఐ.పి. ఏమని మాట ఇస్తుంది? ప్రయత్నిస్తాను అని మాత్రమే. ముక్క పోవచ్చు, రెండు రావచ్చు, వెనకది ముందు రావచ్చు.

చేరిందో లేదో చూసుకునే బాధ్యత దాని పైవాడు టి.సి.పి.ది. వింట్ సర్ఫ్, బాబ్ కాన్ అనే ఇద్దరు 1974లో దీన్ని ప్రకటించారు. 1983 జనవరి 1న నాటి ఆర్పానెట్ యావత్తూ ఈ పద్ధతికి మారింది. మాట మొదలెట్టే ముందు ఇది మన ట్రంకుకాలు రోజుల్లోలాగ గొంతు సరిచూసుకుంటుంది. "వినబడుతోందా?" "వినబడుతోంది, నేను పలికేది మీకు వినబడుతోందా?" "ఆఁ, వినబడుతోంది." అయిన తర్వాతే అసలు విషయం. ప్రతి ముక్కకూ వరుస సంఖ్య; అందిన ప్రతిదానికీ రసీదు. రిజిస్టరు ఉత్తరంతో ఒక గులాబిరంగు కార్డు పంపి, సంతకంతో వెనక్కు వచ్చేదాకా ఎదురుచూసేవాళ్లం, జ్ఞాపకముందా? (2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టరు పోస్టును స్పీడు పోస్టులో కలిపేశారు.) రసీదు రాకపోతే టి.సి.పి. ఆ ముక్కను మళ్లీ పంపుతుంది.

ఈ మొండితనమే ఒకసారి ప్రాణం మీదికి తెచ్చింది. 1986 అక్టోబరులో అమెరికాలోని బర్క్‌లీలో, నాలుగువందల గజాల దూరంలో ఉన్న రెండు చోట్ల మధ్య వేగం క్షణానికి 32,000 బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. తీగె తెగలేదు. దారి కిక్కిరిసి ముక్కలు పోతున్నాయి, రసీదు రాలేదని ప్రతివాడూ మళ్లీ పంపుతున్నాడు, దాంతో దారి ఇంకా కిక్కిరుస్తున్నది. వాన్ జేకబ్‌సన్ అనే ఆయన దీనికి చెప్పిన మందు, ముక్క పోయిందంటే దారి ఇరుకైందని గ్రహించి నువ్వే వేగం తగ్గించుకో, తరువాత మెల్లమెల్లగా పెంచి చూడు అని. ఎవరూ మీద కూర్చుని అదిలించకుండానే కోట్ల యంత్రాలు ఇప్పటికీ ఇలాగే తగ్గుతున్నాయి. ఇది వింటుంటే నాకు మా జిల్లా బోర్లు గుర్తుకొచ్చాయి. పక్కవాడి బోరు ఎండితే మనం ఇంకో వంద అడుగులు దించుతాం. వాడు ఇంకో రెండు వందలు దించుతాడు. మా అన్న పొలంలోనే మూడు గొట్టాలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

ఇంత జాగ్రత్త అన్నిటికీ పనికిరాదు. ఫోనులో బొమ్మతో మాట్లాడుకునేటప్పుడు పోయిన అరక్షణపు మాటను రెండు క్షణాల తర్వాత తెచ్చి ఇస్తే ఏం లాభం? అలాంటి చోట యు.డి.పి. అనేది రసీదుల గొడవ లేకుండా విసిరేసి పోతుంది. అమెరికాలో ఉన్న కొడుకు ముఖం మధ్యమధ్య గళ్లుగళ్లుగా చెదిరితే తిట్టుకోకండి. ఆగిపోవడం కన్నా అదే నయమని ఎవరో ముందే తేల్చారు.

వీటి పైన, పేజీ కావాలని అడగడానికి, ఇవ్వడానికి హెచ్.టి.టి.పి. అనే భాష ఉంది. దీన్ని టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో తయారుచేశాడు. అడిగినది లేకపోతే 404 అంటుందే, అది ఇదే. ఒక అంతస్తులోవాడు పై అంతస్తువాడి మూట విప్పి చూడడు, చూడకూడదు. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక వింత మన భాషకు సంబంధించినదే. ‘జ్ఞా’ అనే అక్షరం ఒక తీరున వస్తే ఐఫోన్లు కుప్పకూలాయి. జకారం, పొల్లు, ఞకారం, కంటికి కనబడని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ అయిదూ వరుసగా వస్తే ఫోను వాటిని అక్షరంగా కూర్చలేక చతికిలబడేది. ఆ నెలలోనే ఆపిల్ సంస్థ సరిచేసింది. జ్ఞానంలోని మొదటి అక్షరానికే అంత శక్తి ఉన్నందుకు మా తెలుగు శాఖవాళ్లం కాస్త గర్వపడ్డాం. కాని మోసినవాళ్ల తప్పేమీ లేదు, దారిలో ఐ.పి., టి.సి.పి. ఆ అక్షరాన్ని చెక్కుచెదరకుండా చేర్చాయి. లోపల ఏముందో వాటికి తెలియదు.

మోసేవారికి తెలియకపోవచ్చు గాని, మూట విప్పి చూడదలచుకున్నవాడికి మొదట్లో అడ్డులేదు. తొలినాటి హెచ్.టి.టి.పి. పోస్టుకార్డు. 1990ల నడుమ నెట్‌స్కేప్ సంస్థ దానికి ఒక కవరు కుట్టింది. అదే పెరిగి ఇప్పుడు టి.ఎల్.ఎస్. అయింది. చిరునామా మొదట హెచ్.టి.టి.పి. పక్కన ‘ఎస్’ చేరింది. తాళం బొమ్మ దాని గుర్తు.

ఆ తాళం ఇచ్చే మాటలు రెండే రెండు. దారిలో ఎవరూ ఈ ఉత్తరం చదవలేరు, మార్చలేరు. రెండవది, అవతలి కొసన ఉన్నది పైన కనిపిస్తున్న పేరుగల చోటే. ఈ రెండవదానికి ధ్రువపత్రం ఉంటుంది, అది ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. ఆ పేరు పెట్టుకున్నవాడు ఎవడు, మంచివాడా, దొంగా అన్నది మామూలు ధ్రువపత్రంలో ఉండదు. ఫలానా పేరు నీ చేతిలో ఉందా అని మాత్రం యంత్రం అడిగి చూస్తుంది. 2015 నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దీన్ని ఉచితంగా, నిమిషాల మీద ఇస్తున్నది. అది మంచికే, దానివల్లనే చిన్న చిన్న బడులూ, పత్రికలూ కూడా కవర్లలో ఉత్తరాలు పంపగలుగుతున్నాయి. దొంగకూ ఆ సౌకర్యం ఉంది.

అంటే మా అన్న ఆ రాత్రి చేసినదేమిటి? తన కార్డు అంకెలను దారిలో దేవుడు కూడా చదవలేని కవరులో పెట్టాడు. దాన్ని ముక్కలుగా మోసుకుపోయారు. ప్రతి ముక్కకూ రసీదు వచ్చింది. ఒక్క అంకె తప్పిపోకుండా, ఒక్కటి తారుమారు కాకుండా, తిన్నగా దొంగ చేతిలోనే పడింది. ఏ ప్రోటోకాలూ మాట తప్పలేదు. తప్పు మాట ఇచ్చింది నేను.

నాకు తోడు చాలామందే ఉన్నారట. తాళం బొమ్మకు సరైన అర్థం తెలిసినవారు నూటికి 11 మందేనని గూగుల్ తన పరిశీలనలో తేల్చుకుని, 2023 సెప్టెంబరులో తన క్రోమ్ బ్రౌజరులోంచి ఆ బొమ్మను తీసేసింది. మా అన్న ఫోను పాతది. అందులో తాళం ఇంకా మెరుస్తూనే ఉంది.

ఆ పేజీ పేరు నేను తరువాత కాగితం మీద రాసుకుని చూశాను. మొదట్లో పంటల బీమాను గుర్తుచేసే అక్షరాలు, తరువాత ‘గవ్’, తరువాత ‘ఇన్’. అక్కడిదాకా చదివి ఎవరైనా సర్కారుదే అనుకుంటారు. కాని వాటి మధ్య ఉన్నవి చుక్కలు కావు, అడ్డగీతలు. చివరి చుక్క తర్వాత ఉన్నది ‘ఇన్’ కాదు, అంగడి పేరులాంటి మరేదో మాట. ‘గవ్’ చుక్క ‘ఇన్’ అనే చివరిపేరు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. కాని అది చివర ఉండాలి, ఒకే ఒక్క ఏటవాలు గీతకు సరిగ్గా ముందు. ఎడమ నుంచి చదివితే మోసపోతాం, కుడి నుంచి చదివితే తెలిసిపోతుంది. ఉత్తరంలో ‘ఇట్లు’ చూసిన తర్వాతనే మొదటికి వెళ్లే మా తాతగారి అలవాటు ఎంత తెలివైనదో!

పంపినవారి పేరు చూసి నమ్మడానికీ లేదు. ఈమెయిలు మోసే ఎస్.ఎం.టి.పి. 1982 నాటిది, ఒకరినొకరు ఎరిగిన పెద్దమనుషుల కాలంలో పుట్టింది. కవరు మీద పంపినవారి పేరు ఏది రాస్తే దాన్ని నమ్మేది. సంతకాలు సరిచూసే ఏర్పాట్లు తరువాత ఒకటొకటిగా అతికించారు. పాత ఇంటికి కొత్త గొళ్లేలు.

ఆ ఆదివారం మేము చేయగలిగిందల్లా 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు రాయించడం. ఎంత త్వరగా చేస్తే అంత మంచిదంటారు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోకముందే ఆపగలిగితే దక్కుతుంది. మేము చేసేసరికి రాత్రంతా గడిచిపోయింది. 12,000 రూపాయలు మాత్రం ఎక్కడో ఒక ఖాతాలో చిక్కుకుని, నాలుగు నెలల తర్వాత తిరిగివచ్చాయి. మిగిలినవి రాలేదు. పెండ్లి వైశాఖంలో జరిగింది. గొలుసు ఒక పేట తగ్గింది. మా అన్న మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే నాకు తేలికగా ఉండేది.

పోయిన వారం ఫోను చేశాడు. మళ్లీ ఏదో కబురు వచ్చిందట, ఈసారి కరెంటు బిల్లని. "నొక్కల్యా. పేరు సదువుతా, ఇను" అన్నాడు. కుడివైపు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క అక్షరమే చదివాడు. రెండో చుక్క రాకముందే ఆయనే, "సర్లే, ఇది మనది కాదు" అని ఆపేశాడు.

తరువాత మామూలు గొంతుతో, "రేపు తొలిబస్సు కండక్టరు చేతికిచ్చి సెనక్కాయలు పంపిస్తాండా. చేరినాక చేరినాయని ఫోను చెయ్. నీకాడ్నుంచి ఫోను రాకుంటే మల్లా నేనే చేస్తా" అన్నాడు.